పెద్దాయన ప్రాణం ఎవరు తీశారు?

“ఈ వీధిలో ఇంతవరకూ ఒక్క హత్య కూడా జరగలేదు. ఎందుకో తెలుసా, బామ్మర్దీ?”

“ఎవరికీ ఎవర్నీ చంపే తీరిక లేక, బావా.”

“కాదు. నేనున్నానన్న భయం.”

అంత మాటా అనేసి, వీధంతా భూతద్దం అని పిలిచే ఆ బావ కుర్చీలో వెనక్కి వాలాడు. కుర్చీ కిర్రుమంది. దాని భయం దానిది.

భూతద్దం అసలు వృత్తి కళ్ళజోళ్ళ దుకాణం. పదిహేనేళ్ళుగా ఊరందరి చూపూ సరిచేస్తున్నాడు గాని, ఎదురుగా ఉన్న వస్తువు తనకు కనపడిన దాఖలాలు తక్కువ. రెండేళ్ళ క్రితం బోర్డు మీద ‘కంటి అద్దములు’ అన్న అక్షరాల కింద ఎర్ర రంగుతో ‘మరియు అపరాధ పరిశోధన’ అని తానే రాసుకున్నాడు. చోటు చాలక ‘శోధన’ అన్న ముక్క కింది వరసకు జారింది. వీధిలోవాళ్ళు ఆ ముక్క ఒక్కటే చదివి, పోనీలే, ఉన్నమాటే రాసుకున్నాడు అనుకున్నారు.

ఇప్పటిదాకా మూడు కేసులు తేల్చాడు. మొదటిదానిలో నేరస్థుడు పిల్లి. రెండోదానిలో గాలి. మూడోదానిలో ఫిర్యాదు ఇచ్చినాయన మతిమరుపు. అయినా అతని ఆత్మవిశ్వాసం మీద ఈగ వాలలేదు. పైగా ఈమధ్య ఒక పరికరం కూడా సిద్ధం చేసుకున్నాడు. దాని పేరు నిఘాదండం. మూడున్నర అడుగుల నల్లని కడ్డీ, ఒక కొసన భూతద్దం, రెండో కొసన సైకిల్ హ్యాండిల్‌కి వేసే రబ్బరు పిడి. మంచాల కిందా బీరువాల కిందా చూడాలంటే వంగాలి. వంగడానికి అతని పొట్ట ఒప్పుకోదు. పొట్టకీ వృత్తికీ మధ్య కుదిరిన రాజీయే ఆ దండం. నిద్రలో తప్ప దాన్ని చేతిలోంచి దింపడు.

ఇక బామ్మర్ది సంగతి. అతను రెండు వీధుల అవతల పైపులూ కడ్డీలూ అమ్మే దుకాణంలో పనిచేస్తాడు. భూతద్దం భార్య అతనికి సొంత అక్క. బావ నోట ఆ పిలుపు విని విని, పాలపొట్లాలావిడ, ఉత్తరాలాయన, చివరికి దుకాణం యజమాని కూడా అతన్ని బామ్మర్దీ అనే పిలుస్తారు. ఇంతమందికి బామ్మర్ది కావడం అక్క ఉన్న ఏ మగాడికీ గౌరవం కాదు. అయినా అతను ఎవరితోనూ తగవు పెట్టుకోడు. ఆ రోజుల్లో అతని బాధ వేరు.

“బావా, భోజనం వేళ పిలిపించావు. పనేమిటో చెప్పు. మా యజమాని గడియారం చూస్తుంటాడు.”

భూతద్దం వీధి ఆ చివరా ఈ చివరా చూసి, దుకాణం తలుపు దగ్గరగా వేసి, జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు.

“నిన్న మధ్యాహ్నం రెండూ ఇరవై. స్థలం: నా సొంత ఇల్లు. నేను గొడుగు మరిచిపోయి వెనక్కి వెళ్ళాను. మీ అక్క దిండ్లు కుట్టే గదిలో ఫోన్ మాట్లాడుతోంది. తలుపు ఓరగా ఉంది. విన్న మాట విన్నట్టు రాసుకున్నాను. గుండె గట్టి చేసుకో.”

“చేసుకున్నాను.”

“‘ఆదివారంలోగా పెద్దాయన ప్రాణం తీసి చూడాలి.’ ఇదీ మొదటి మాట! తర్వాత, ‘వెదురు వద్దు, చీలితే పేళ్ళు బయటికి పొడుచుకొస్తాయి.’ తర్వాత, ‘ఇనుము అసలే వద్దు, ఒక్క దెబ్బకి మనిషి లేవడు.’ ఆఖరిది విను. ‘ఫైబర్ కడ్డీ అయితే ఎంత గట్టిగా కొట్టినా ఒంటి మీద మచ్చ కనపడదు.’” భూతద్దం పుస్తకం మూసి, అద్దాల్లేని కళ్ళజోడు ఫ్రేము ఒకటి ముక్కు మీద పెట్టుకున్నాడు. ఆలోచించేటప్పుడు అతనికది అలవాటు. “మా నాన్నకి ఎనభై ఏళ్ళు రాబోతున్నాయి. ఇంట్లో ఆయన్ని అందరూ పెద్దాయన అనే అంటారు. నా తండ్రి మీద హత్యాయత్నం, బామ్మర్దీ! ముఠాలో నా భార్య!”

బామ్మర్దికి నవ్వు రావలసింది. రాలేదు. అక్క ఫోన్లో అంత మాట్లాడుతోందంటే కొత్త కడ్డీ కోసం వెతుకుతోందని అర్థం. వేరే చోట.

“బావా, పెద్దాయన అంటే మీ నాన్న కాదు. కత్తి.”

“కత్తితోనా?” భూతద్దం పుస్తకం మళ్ళీ తెరిచాడు.

“అయ్యో, కత్తితో కాదు. కత్తి పేరే పెద్దాయన. స్పాంజి కత్తి.”

బామ్మర్ది చెప్పిందంతా నిజం. అక్క సోఫా దిండ్లు కుడుతుంది. మిగిలిన స్పాంజి ముక్కలతో రెండేళ్ళుగా ఉత్తుత్తి యుద్ధానికి కత్తులు, గదలు, బల్లేలు కూడా చేస్తోంది. ఆదివారం పొద్దున బడి మైదానంలో ఇరవై మంది వాటితో రెండు జట్లుగా కొట్టుకుంటారు. బ్యాంకులో పనిచేసేవాళ్ళు, కొరియర్ పంచేవాళ్ళు, పెళ్ళాలతో వాదించి గెలవలేనివాళ్ళు, అందరూ ఉన్నారు. పైన మెత్తటి స్పాంజి, దాని మీద గుడ్డ తొడుగు. లోపల మాత్రం గట్టి కడ్డీ ఒకటి ఉండాలి, లేకపోతే కత్తి వడలిన కాడలా వేలాడుతుంది. ఆ కడ్డీని ఏమనాలో మొదట్లో ఎవరికీ తోచలేదు. ఊచ అన్నారు, వెన్ను అన్నారు. ఒకరోజు కొరియర్ అమ్మాయి మధ్యకి విరిగిన కత్తి చేతిలో వేలాడేసుకుని వచ్చి, “అక్కా, దీని ప్రాణం పోయింది” అంది. అప్పట్నుంచీ అందరికీ అది ప్రాణమే. జట్టులో అన్నిటికంటే పొడుగు కత్తి పెద్దాయన.

ఇదంతా విని భూతద్దం జాలిగా తలాడించాడు.

“నీకు చెప్పిన కట్టుకథ ఇదన్నమాట. బాగా అల్లారు. నువ్వే ఆలోచించు, నిజమైన హంతకులు ‘హత్య’ అంటారా? ఇలాంటి అమాయకమైన మాటే అంటారు.”

“వాళ్ళన్నది ‘ప్రాణం తీయడం’ బావా. అందులో అమాయకం ఏముంది?”

“అదే వాళ్ళ తెలివి!”

ఆ తర్కానికి ఎదురు చెప్పాలంటే ముందు దాని తల ఎటుందో, తోక ఎటుందో తెలియాలి. బామ్మర్ది లేచి చెప్పులు తొడుక్కున్నాడు. సాయంత్రం ఇంటికి వస్తే నిఘా మొదలుపెడదామని బావ అన్నప్పుడు మాత్రం ఒప్పేసుకున్నాడు. మూడు వారాలుగా ఆ ఇంటి గడప తొక్కడానికి అతనికి ఇంకో సాకు దొరకలేదు.

మూడు వారాల కింద ఆదివారం ఆటలో పెద్దాయన విరిగాడు. విరిగి ఊరుకుంటే బాగుండేది. లోపలి కడ్డీ ముక్క స్పాంజిని చీల్చుకుని బయటికొచ్చి కొరియర్ అమ్మాయి కనుబొమ్మ కోసేసింది. మూడు కుట్లు. “ఇంకో అర అంగుళం కిందైతే కన్నే పోయేది” అన్నాడు డాక్టరు. ఆ అమ్మాయి నవ్వేసింది గాని అక్క నవ్వలేదు. రక్తం తుడిచి, గుడ్డ తొడుగులోకి చూసింది. నల్లటి ఫైబర్ కడ్డీ ఉండాల్సిన చోట తెల్లటి ప్లాస్టిక్ పైపు ముక్కలున్నాయి.

ఆ కడ్డీ ఇచ్చింది తమ్ముడు. కోసిందీ తమ్ముడే.

“ఇదేనా నువ్విచ్చింది?” అని ఒక్క మాటే అడిగింది. బామ్మర్ది ఆ కడ్డీ కోసిన రోజు గుర్తుచేసుకున్నాడు. ఆ రోజు దుకాణంలో రద్దీ. ఫైబర్ కడ్డీలూ ప్లాస్టిక్ పైపులూ పక్కపక్కనే పెట్టి కోశాడు. కట్టలు కట్టేటప్పుడు ఒకటి అటూ ఇటూ అయిందేమో. కాలేదని గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేడు. చెప్పలేనివాడు తలదించుకున్నాడు. తలదించుకున్నవాణ్ణి చూసి అక్క తప్పు ఒప్పుకున్నాడనుకుంది. అప్పట్నుంచీ అతను అక్క నోట ‘మీరు’ అయిపోయాడు. చిన్నప్పట్నుంచీ ‘ఒరేయ్’ తప్ప ఇంకో పిలుపు ఎరగనివాడికి ఆ ‘మీరు’ పంటికింద రాయిలా ఉంది.

* * *

సాయంత్రం బామ్మర్ది వెళ్ళేసరికి దిండ్ల గదిలో అక్క బల్ల ముందు నిలబడి ఉంది. బల్ల మీద వరసగా నాలుగు కడ్డీలు: ఒక వెదురు, ఒక అల్యూమినియం గొట్టం, ఒక ప్లాస్టిక్ పైపు, ఒక ఫైబర్ కడ్డీ. మూలన పడక్కుర్చీలో పెద్దాయన, అంటే మనిషి, రేడియో చెవికి ఆనించుకుని ఉన్నాడు.

అక్క తలెత్తి చూసింది. వెంటనే మామగారి వైపు తిరిగింది.

“మామయ్యా, వచ్చినవారిని కూర్చోమనండి.”

“పెద్దాయనా, నేను నిలబడే ఉంటానని చెప్పండి,” అన్నాడు బామ్మర్ది.

“నేనేమన్నా తపాలా ఆఫీసునటయ్యా? ఇద్దరి మధ్యా నాలుగడుగులు లేవు,” అని పెద్దాయన రేడియో గొంతు పెంచాడు.

అక్క పని ఆపలేదు. వెదురు తీసి రెండు చేతులా వంచింది. టప్పుమని నిలువునా చీలింది. పక్కన పడేసింది. అల్యూమినియం గొట్టాన్ని మోకాలికి ఆనించి వంచింది. వంగిందది, మళ్ళీ లేవలేదు. “సిగ్గులేనిది,” అని దాన్నీ పడేసింది. ప్లాస్టిక్ పైపుని చేత్తో కూడా ముట్టుకోలేదు. ఫైబర్ కడ్డీ వంచి వదిలింది. ధనుస్సులా వంగి, బుద్ధిమంతుడిలా నిటారుగా నిలబడింది.

“వంచితే వంగాలి, వదిలితే లేవాలి,” అంది తనలో తాను. “మనుషులకైనా అంతే.”

దాని మీద వేరే దుకాణం చీటీ అంటించి ఉంది. బామ్మర్ది దాన్ని చూశాడు. అయినా పని తెలిసిన కన్ను ఊరుకోదు.

“పెద్దాయనా, ఆ కడ్డీ పది మిల్లీమీటర్లది. అంత పొడుగు కత్తికి చాలదు, కొరడాలా ఊగి అవతలివాడి చెవి మీద పడుతుంది. పన్నెండుది కావాలని చెప్పండి. కోసిన కొస ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, రబ్బరు మూత బిగించకపోతే స్పాంజిని లోపల్నుంచి కొరికేస్తుందని కూడా చెప్పండి.”

అక్క చేతులు ఆగాయి. అతను చెప్పింది నిజమని ఆమెకు తెలుసు. కడ్డీని వేలితో ఊపి చూసింది. ఊగింది. ఒక్క క్షణం తమ్ముడి వైపు తిరగబోయింది.

సరిగ్గా అప్పుడే గోడకి నిలబెట్టిన స్పాంజి చుట్ట తుమ్మింది.

అందరూ అటు చూశారు. చుట్టలోంచి నిఘాదండం కొసనున్న భూతద్దం బయటికొచ్చి గదంతా ఒకసారి కలయజూసి మళ్ళీ లోపలికెళ్ళింది.

“ఏవండీ,” అంది అక్క విసుగ్గా, “ఆ స్పాంజి రేపటికి కావాలి. బయటికి రండి.”

“నేనిక్కడ లేను,” అంది చుట్ట.

అది నిఘాలో మొదటి రోజు. రెండో రోజు శుక్రవారం. భూతద్దం తండ్రికి రక్షణ పెంచాడు. ఆయనకి టీ వస్తే విషం ఉందేమోనని ముందు తాను తాగేవాడు. ఖాయం చేసుకోవడానికి సగం దాకా తాగేవాడు. బిస్కెట్లు నాలుగొస్తే మూడింటిని పరీక్షించేవాడు.

“అమ్మాయ్! ఈ వెధవ నా టీ తాగేస్తున్నాడే!” అని పెద్దాయన కేకలు. “మొన్న మేడమీద నా దండెం గెడ ఎవడో ఎత్తుకుపోయాడు. ఇవాళ నోటి దగ్గర టీ. రేపు ఇంకేం ఎత్తుకుపోతారో!”

“దండమా? నా చేతిలోనే ఉంది కదా, నాన్నా.”

“నీ దండం కాదురా, బట్టలారేసే దండెం! తాడు జారకుండా మధ్యలో నిలబెట్టిన పైపు కనపడ్డం లేదు. మూడు వారాలైంది. నా దుప్పటి నేలమీద ఈడుస్తోంది. డిటెక్టివువి కదా, కనుక్కోవేం?”

భూతద్దం మందహాసం చేశాడు. “ప్రాణాల మీదికొచ్చిన కేసు చేతిలో ఉండగా పైపు దొంగల వెంట పడమంటావా నాన్నా? దండెం గెడలూ, చెప్పుల జతలూ... అలాంటి చిల్లర నేరాలు నా స్థాయికి తగవు.” అని పుస్తకంలో ‘దండెం కేసు: నిరాకరించడమైనది’ అని రాసుకుని, కింద సంతకం కూడా పెట్టాడు.

* * *

శనివారం నాలుగింటికి తనిఖీ మేడమ్ వచ్చింది. బడిలో ఆటల టీచరు ఆవిడ. మైదానం తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి. మెడలో ఈల, చంకలో అట్ట, మొహంలో నవ్వన్నది లేదు. కనుబొమ్మ తెగిన సంగతి విన్నాక ఆవిడ ఒక్క మాట చెప్పింది: ఆ కత్తి ఎందుకు విరిగిందో తేలాలి. తేలకపోతే ఈ గదిలో కుట్టిన ఆయుధం ఏదీ ఆదివారం తన గేటు దాటదు. వచ్చే ఆదివారమూ దాటదు. ఏ ఆదివారమూ దాటదు.

అక్క రెండేళ్ళుగా కుట్టిన కత్తులన్నీ గోడకి ఆనించి వరసగా నిలబెట్టింది. చేతులు కట్టుకుని పక్కన నిలబడింది. పరీక్ష రాసిన పిల్లలా ఉంది. బామ్మర్దిని ఎవరూ రమ్మనలేదు. అయినా వచ్చాడు. కడ్డీ తప్పుగా ఇచ్చింది తానే అయితే ఆ మాట మేడమ్ ముందు ఒప్పుకుని, అక్క పేరు చెడకుండా చూద్దామని నిశ్చయించుకున్నాడు. నిన్నంతా ఆ వాక్యాన్ని మనసులో దిద్దుకున్నాడు కూడా. ‘మేడమ్, తప్పు కుట్టినవాళ్ళది కాదు, కడ్డీ ఇచ్చినవాడిది.’

పెద్దాయన మూలన పడక్కుర్చీలో కునుకు తీస్తున్నాడు. భూతద్దం ఎక్కడా కనపడలేదు. స్పాంజి చుట్ట మాత్రం రెండు కాళ్ళతో ఉంది.

“సరే,” అంది మేడమ్, కత్తెర అందుకుంటూ. “ముందు పెద్దాయన్ని బల్ల మీద పడుకోబెట్టండి. కదలకుండా ఇద్దరూ రెండు పక్కలా పట్టుకోండి. పొట్ట కోసి మిగిలిన ప్రాణం బయటికి తీసేద్దాం.”

“తియ్యనివ్వను!”

స్పాంజి చుట్ట గర్జించింది. గర్జించి ముందుకు దూకింది. భూతద్దం అందులోంచి ఊడి, నిఘాదండం రెండు చేతులా పట్టుకుని, “రక్తపిపాసులారా! ఆట ముగిసింది!” అంటూ గాలిలోకి లేచాడు. లేచినవాడు పడాలి కదా. వెదురు ముక్క మీద కాలు పడింది. ఆ కాలు ఇంకో కాలుని పిలిచింది. దండం పోయి రెండు ముక్కాలిపీటల మధ్య వంతెనలా అడ్డం పడింది. దాని మీద భూతద్దం పడ్డాడు, తొంభై కిలోలూ.

దండం వంగింది. ఇంకా వంగింది. పొట్ట నేలకి అందబోయింది. ఇప్పుడు టప్పుమంటుంది, ఇప్పుడు టప్పుమంటుంది అని బామ్మర్ది కళ్ళు మూసుకున్నాడు.

అనలేదు. ఒక్క కుదుపుతో నిటారైంది. దోసె తిరగేసినట్టు అతన్ని అవతలనున్న స్పాంజి గుట్టలోకి తిరగేసింది. దండం కొసనున్న అద్దం ఎగిరి పడక్కుర్చీలోని పెద్దాయన ఒళ్ళో పడింది. రబ్బరు పిడి ఊడి దొర్లుకుంటూ వచ్చి అక్క కాళ్ళ దగ్గర ఆగింది.

“అబ్బ!” అంది తనిఖీ మేడమ్. మొహంలో మొదటిసారి గౌరవం కనపడింది. “ఈ కడ్డీ ఎక్కడ కొన్నారు?”

అక్క కిందికి వంగి దండాన్ని తీసుకుంది. పిడి ఊడిన చోట మూడు ఎర్రటి గీతలున్నాయి. గోళ్ళరంగుతో చుట్టూ గీసిన గీతలు. ఏ కత్తికి ఏ కడ్డీయో తెలియడానికి అక్క పెట్టుకునే గుర్తులవి. మూడు గీతలు పెద్దాయనవి. గీతల పక్కనే కోసిన కొస. ఆకురాయితో నాలుగు వైపులా గుండ్రంగా, వేలితో రాస్తే గాజుగోళీలా తగిలేటట్టు అరగదీసి ఉంది. అలా తీసే ఓపిక ఊళ్ళో ఒక్కడికే ఉంది.

బామ్మర్ది దిద్దుకున్న వాక్యం మరిచిపోయాడు.

“ఏవండీ,” అంది అక్క. గొంతు చాలా మెల్లగా ఉంది. మెల్లగా ఉన్నప్పుడు ఆ ఇంట్లో పిల్లి కూడా గుమ్మం దాటదు. “ఇది మీకెక్కడిది?”

“వృత్తి రహస్యం.”

“ఎక్కడిదండీ?”

“... దిండులోంచి.”

“ఏ దిండు?”

“అదే, పొడుగు దిండు. బల్ల మీద ఆరబెట్టావు చూడు, ఒక చివర మూత లేకుండా.” భూతద్దం స్పాంజిలోంచి తల మాత్రం బయటపెట్టాడు. “దండం చేసుకోవడానికి కడ్డీ కోసం ఇల్లంతా వెతుకుతున్నాను. దిండులో కడ్డీ ఏమిటి, ఎవరి నడుము విరగడానికి, అనుకుని లాగేశాను. కానీ నేను దొంగని కాను! ఒకటి తీసుకున్నప్పుడు ఇంకొకటి పెట్టడం పెద్దమనిషి తరహా. మేడమీద ఎండలో ఊరికే నిలబడి ఉన్న తెల్ల పైపు తెచ్చి అందులో దూర్చాను. కొలత కూడా కుదిరింది!”

“నా దండెం గెడ!” అని పెద్దాయన పడక్కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పదేళ్ళలో ఆయన అంత వేగంగా లేవడం ఎవరూ చూడలేదు.

అతను పైపు దూర్చిన మర్నాడు పొద్దున అక్క ఆ కొసకి జిగురు రాసి మూత బిగించేసింది. లోపలికి తొంగిచూడలేదు. ఎందుకు చూస్తుంది? సాయంత్రం తన చేత్తో పెట్టిన ప్రాణం పొద్దునకి మారిపోతుందని ఎవరనుకుంటారు?

తనిఖీ మేడమ్ కత్తి పెద్దాయన పొట్ట కోసి తెల్ల పైపు ముక్క ఒకటి తీసింది. “ఎన్నేళ్ళు ఎండలో ఉందిది?”

“ఆరేళ్ళు,” అన్నాడు పెద్దాయన.

ఆవిడ ముక్కని రెండు వేళ్ళతో నొక్కింది. బిస్కెట్టులా విరిగింది. “ఎండకి పెళుసెక్కిపోయింది. విరక్కేం చేస్తుంది?” అట్ట మీద ఏదో రాసుకుంది. “చేసినవాళ్ళ తప్పు లేదు. కడ్డీ ఇచ్చినవాళ్ళ తప్పూ లేదు. ఈ నల్ల కడ్డీకి ఇక పరీక్ష అక్కర్లేదు. తొంభై కిలోల పరీక్ష నేనైతే ఎప్పుడూ పెట్టలేదు. రేపు పొద్దున ఏడింటికి గేటు తీస్తాను. మూతలన్నీ జిగురు పెట్టే ముందు ఇంకొకరు కూడా చూడాలి. అది షరతు.”

ఇంతలో భూతద్దం స్పాంజి దులుపుకుని లేచాడు. ఒక చేత్తో నడుము పట్టుకుని, రెండో చేయి పైకెత్తాడు. అద్దాల్లేని ఫ్రేము కోసం జేబు తడుముకున్నాడు. అది విరిగిపోయి ఉంది. అయినా వెనక్కి తగ్గలేదు.

“కేసు తేలిపోయింది! పెద్దాయన ప్రాణం ఎవరు తీశారో, దాని చోట ఏం పెట్టారో, ఎందుకు విరిగిందో, మూడూ తేల్చాను. సాక్ష్యం మూడు వారాలుగా నా చేతిలోంచి జారిపోకుండా కాపాడుకున్నది ఎవరు? నేను! నేరస్థుల్ని పట్టుకున్న డిటెక్టివులు చాలామంది ఉంటారు. తనని తాను పట్టుకున్నవాడు నేనొక్కణ్ణే!”

“దండెం కేసు నిరాకరించావు కదరా,” అన్నాడు పెద్దాయన.

“ఎత్తుగడ, నాన్నా.”

“ఎత్తుగడ సంగతి తర్వాత,” అంది అక్క. “ముందు ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళండి. కనుబొమ్మ మీద మూడు కుట్లు చూడండి, మీ భూతద్దం లేకుండానే కనపడతాయి. తప్పు నాదే అని చెప్పండి. చెప్పి, జట్టులో ఇరవై మందికీ పగలని అద్దాలతో జోళ్ళు మీ దుకాణంలోంచే చేయించి ఇవ్వండి.”

భూతద్దం నోరు తెరిచాడు. అక్క మొహం చూసి మూసుకున్నాడు. “ఇరవయ్యా?” అని మాత్రం అన్నాడు, చాలా చిన్న గొంతుతో. ఆ తర్వాత, ఇంకా చిన్న గొంతుతో, “అర అంగుళం అన్నారు కదూ డాక్టరు?” అని అడిగాడు. తల వంచుకుని చెప్పులు వెతుక్కున్నాడు.

అక్క నల్ల కడ్డీని బల్ల మీద పెట్టింది. కొసని వేలితో రాసింది. ఒకసారి, రెండుసార్లు. బామ్మర్ది గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. లోపలికి రావాలో, వెళ్ళిపోవాలో తెలియని మనిషిలా చెప్పు విడుస్తూ తొడుగుతూ ఉన్నాడు.

అక్క మామగారి వైపు తిరిగింది. పెద్దాయన రెండు చేతులూ చెవుల మీద పెట్టుకున్నాడు. “తపాలా ఆఫీసు మూసేశారమ్మా.”

అక్క కడ్డీని మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

“ఒరేయ్,” అంది అక్క, కడ్డీ మీంచి చూపు తిప్పకుండా. “నిలబడ్డావేం? ఆ కొత్త స్పాంజి ఇలా పట్టుకురా. జిగురు పెట్టే ముందు ఇంకొకరు చూడాలట.”

బామ్మర్ది చెప్పులు రెండూ విడిచి లోపలికి వచ్చాడు.

ఆరింటికల్లా పెద్దాయనకి ప్రాణం మళ్ళీ వచ్చింది. కొత్త ఒళ్ళు, కొత్త తొడుగు, మూత ఇద్దరూ చూసి మరీ బిగించారు. బాగు చేసిన కత్తితో ఎవరినైనా ఒక దెబ్బ కొట్టి చూశాకే మైదానానికి తేవాలని మేడమ్ నియమం. కొరియర్ అమ్మాయి ఇంటి నుంచి అప్పుడే తిరిగొచ్చిన భూతద్దాన్ని గది మధ్యలో నిలబెట్టారు. అతను ఎదురు చెప్పలేదు. అక్క రెండు చేతులా కత్తి ఎత్తి, చీర కొంగు దోపుకుని, వీపు మీద ఒక్కటిచ్చింది. ధప్పుమని వీధి దాకా వినపడింది.

“దెబ్బ తగిలిందా?”

“లేదు,” అన్నాడు భూతద్దం ఆశ్చర్యపోతూ. “ఒట్టు! ఏమీ తెలియలేదు.”

“మచ్చ పడిందా చూడరా.”

“లేదక్కా,” అన్నాడు తమ్ముడు చొక్కా ఎత్తి చూసి. “కానీ ఒక్కదానితో ఖాయంగా చెప్పలేం.”

“అదీ నిజమే,” అని అక్క మళ్ళీ కత్తి ఎత్తింది.

“ఆగమ్మా, ఆగు,” అన్నాడు పెద్దాయన, రేడియో కట్టేసి కుర్చీ దగ్గరికి జరుపుకుంటూ. “ఈసారిది నా దండెం గెడ పేరు చెప్పి కొట్టు.”